బుసబుస, గుడగుడ

మే 18, ఆదివారం

బండి గుడగుడమంటోందట. గౌరి అంటుంది.

పొద్దున్న పళ్లు తోముకుంటుంటే వచ్చి చెప్పింది. "బావా, బండి తీసినప్పుడు గుడగుడమంతంది, ఓపాలి ఇను" అని. వెళ్లి డ్రైవరు సీటు పైకెత్తి (ఈ వ్యానుకి ఇంజన్ ఆ సీటు కిందే ఉంటుంది) చెవి దగ్గర పెట్టి విన్నాను. ఇంజన్ మామూలుగానే ఉంది. గుడగుడా లేదు, గడగడా లేదు.

అచ్యుతాపురంలో మా ఫ్యాక్టరీ జనరేటర్ హౌస్‌లో గేటు దగ్గర నిలబడే ఏ మిషన్‌లో ఏ సిలిండర్ తప్పుతోందో చెప్పినవాణ్ణి. కొత్తగా వచ్చే ఇంజనీర్లు కూడా "గురువుగారూ, ఓసారి మీ చెవి వెయ్యండి" అంటారు. అలాంటి నా చెవికి దొరకని శబ్దం మా ఆవిడ చెవికి దొరికిందట. నవ్వొచ్చింది. పైకి నవ్వలేదు.

బండి దానిది. కూర్మన్నపాలెం పిల్లల్ని గాజువాకలో బడికి తిప్పుతుంది. డ్రైవింగ్ నేనే నేర్పాను, ఇప్పుడు నాకంటే బాగా నడుపుతుంది. జూన్ పన్నెండున బడులు తెరుస్తారు. ఈలోపు ఫిట్‌నెస్ పరీక్ష చేయించకపోతే బండి రోడ్డెక్కదు, పిల్లలు ఇంకో వ్యానుకి వెళ్లిపోతారు. అందుకని దానికి కంగారు. కంగారులో ఉన్న మనిషికి లేనిపోని శబ్దాలు వినిపిస్తాయి.

మే 19

సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి మళ్లీ విన్నాను. ఏమీ లేదు.

మే 20

ఒక విషయం గమనిస్తున్నాను. గౌరి ఈమధ్య మాటలు మింగేస్తోంది. అంటే తగ్గించిందని కాదు, ఆ భాగ్యం ఇంకా కలగలేదు. మాటలో సగం లోపలే ఉంచేసుకుంటోంది. "ఊడు బావా" అంటుంది. ఏమిటి ఊడేది? "ఎప్పు" అంటుంది. పప్పా, ఉప్పా? ముఖం చూసి, సందర్భం చూసి మనమే అర్థం చేసుకోవాలి.

అదే టీవీలో వార్తలు చదివే అమ్మాయి ఎంత శుభ్రంగా మాట్లాడుతుంది! వాల్యూమ్ కాస్త పెంచితే అక్షరం అక్షరం దొరుకుతుంది. లోపం నా చెవుల్లో ఉంటే టీవీ కూడా వినబడకూడదు కదా. కాబట్టి నా చెవులకేం కాలేదు.

ఇది ఎందుకు రాశానో తెలియదు. ఎవరూ అడగలేదు.

మే 22

జోజి వచ్చాడు. మా ఫ్యాక్టరీలోనే ఎలక్ట్రీషియన్, పక్క వీధిలోనే ఇల్లు. వాళ్ల చర్చిలో సెలవుల్లో పిల్లలకి వీబీఎస్ అని బైబిలు క్లాసులు పెడుతున్నారు, పిల్లల్ని తీసుకెళ్లి తీసుకురావడానికి గౌరి బండి కావాలన్నాడు. గౌరి సరేనంది.

పనిలో పనిగా బండి స్టార్ట్ చేసి వాడికి వినిపించాను. గౌరి మాట కాదు, మూడో మనిషి మాట కావాలి కదా. కాసేపు తల వంచి విని "ఉంది బావా సప్పుడు" అన్నాడు.

"ఏ సప్పుడు?"

ఏదో చెప్పాడు. ఇంజన్ తిరుగుతోంది, పక్కింట్లో బోరు మోటారు వేశారు, వాడి నోట్లో కిళ్లీ ఉంది. నేను "ఊఁ ఊఁ, అదే, అదే నేనూ అనుకున్నాను" అన్నాను.

సరే, శబ్దం ఉందనే అనుకుందాం. గుడగుడ అంటే ఏమిటి? ఇంజన్ కింద ఉండే రబ్బరు దిమ్మలు, మేం ఫౌండేషన్లు అంటాం, అవి అరిగిపోయి ఇంజన్ కుదురుగా కూర్చోకపోతే వచ్చేది గుడగుడ. చెవితో పనేముంది, బుర్రతోనే తెలిసిపోయింది.

మే 25, ఆదివారం

పొద్దుటినుంచి బండి కిందే ఉన్నాను. పాత ఫౌండేషన్లు మూడూ ఊడదీసి కొత్తవి వేశాను. చెమటకి బనీను పిండుకోవాల్సి వచ్చింది. విశాఖపట్నంలో మే నెలలో బండి కింద పడుకోవడం అంటే ఇడ్లీ పాత్రలో పడుకోవడమే.

నిజం చెప్పాలంటే పాతవి అంత అరిగిపోయి లేవు. అయినా మార్చడం మంచిదే.

బిగించాక స్టార్ట్ చేసి అరచెయ్యి ఇంజన్ మీద పెట్టాను. అదురు బాగా తగ్గింది. గౌరిని పిలిచి "ఇప్పుడు సూడు, పోయిందా నేదా?" అన్నాను. అది నిలబడి విని ఏదో అంది. నేను నవ్వి తల ఊపాను. అది నవ్వలేదు. లోపలికి వెళ్లిపోయింది.

మే 26

శబ్దం పోయింది.

మే 27

పోలేదట.

రాత్రి అన్నాల దగ్గర మళ్లీ మొదలెట్టింది. ఏదో అంటోంది, నాకు సగమే అందుతోంది. ఆదివారమంతా బండి కింద పడి చేసిన పని వృథా అన్నట్టు మాట్లాడితే ఎవరికైనా కోపం రాదా? "నోరు తెరిసి మాటాడే. ఆ టీవీలో పిల్లని సూడు, ఎంత సక్కగా పలుకుద్దో. 'చ' అనాల్సిన కాడ 'స' అంతావు, అదీ లోపలే మింగేత్తావు. బళ్లో పిల్లల తల్లులు నీ మాట ఇని నవ్వుకోరా?" అన్నాను.

పళ్లెం పక్కన పెట్టేసింది. తర్వాత అన్నది మాత్రం నాకు పూర్తిగా వినబడింది, ఎందుకంటే గట్టిగా అంది.

"నువ్వు మాత్రం ఏ బాస మాటాడతన్నావు? మీ యమ్మ మాటాడలేదా ఇలగ? నా మాటకి నీకిప్పుడు నామోషీ అయిపోనాదా?"

నామోషీ ఏమిటి? నేనూ సబ్బవరం దగ్గర పుట్టినవాణ్ణే. నేనన్నది వేరు. కానీ నేనన్నది ఏమిటో నాకే సరిగ్గా చెప్పడం రాలేదు.

మే 28

పొద్దున్న క్యారేజీ అందిస్తూ గౌరి ఏమందో రాస్తాను, తేదీ వేసి రాస్తాను. "ఏమండీ, మీకు మజ్జిగ మిరపకాయలు కూడా పెట్టాను. మధ్యాహ్నం మరచిపోకుండా చక్కగా తినండి."

పెళ్లైన దగ్గర్నుంచీ నేను దానికి బావనే. మేనమామ కూతురు, చిన్నప్పటినుంచీ "ఒరే బావా" అని తిట్టినది. "ఏమండీ" అట. "మీరు" అట. "చక్కగా" అట. టీవీలో అమ్మాయిలాగే, చ-కి చ.

ఒక్క అక్షరం కూడా పోకుండా వినబడింది. చూశావా మరి, నేను చెప్పిందే నిజం. నోరు తెరిచి మాట్లాడితే ఎందుకు వినబడదు?

మే 29

"భోజనం చేస్తారా?" "చేస్తాను."

"తలుపు మూయమంటారా?" "మూయి."

అన్నీ వినబడుతున్నాయి. ఇల్లు మాత్రం ఆఫీసులా ఉంది.

మే 31

ఇదివరకు వచ్చీరాగానే దారిలో ఎవరు అడ్డొచ్చారు, ఏ పిల్లాడు ఎవడి జుట్టు పీకాడు, అన్నీ చెప్పేది. ఇప్పుడు అడిగిన దానికే జవాబు. ఇవాళ ఫ్యాక్టరీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దాని వాగుడు ఎంత బాగుండేదో అనుకున్నాను. ఈ ముక్క దాని ముందు అనను.

ఇంకొకటి. మొన్న జనరేటర్ హౌస్‌లో అలారం మోగిందట. నేను దాని కిందే నిలబడి టీ తాగుతున్నానట. జోజి పరిగెత్తుకొచ్చి దాన్ని ఆపాడు. "ఆలోసన్లో ఉన్నావు గావాల" అన్నాడు. అవును, ఆలోచనలో ఉన్నాను.

జూన్ 1, ఆదివారం

ఇది రాసి తీరాలి.

వీబీఎస్ పిల్లల్ని దింపేసి వచ్చి గౌరి బండి దిగగానే గోడ పట్టుకుని వాంతి చేసుకుంది. పొద్దున్న కూడా తలనొప్పి అంది. ఎండ అన్నాను నేను. వెనకాలే జోజి వచ్చాడు, వాడి ముఖంలో నవ్వు లేదు. పిల్లల్లో ఇద్దరు బండిలో పొగ కంపు కొడుతోందని చెప్పారట, ఒక పిల్ల చర్చి మెట్ల మీదే పడుకుండిపోయిందట. ఇప్పుడు బాగానే ఉందట. మంచినీళ్లు తాగి ఆడుకుంటోందట. రెండుసార్లు అడిగి ఆ మాట చెప్పించుకున్నాను.

వెళ్లి వ్యాను ఎక్కి, అద్దాలు మూసి, ఇంజన్ స్టార్ట్ చేసి కూర్చున్నాను. చెవి పని చేయకపోతే ముక్కైనా చేయాలి. కాసేపటికే తెలిసింది. పొగ. సీటు కిందినుంచి వస్తోంది. సైలెన్సరులోంచి వెనక్కి పోవాల్సిన పొగ పిల్లలు కూర్చునే చోటికి వస్తోంది.

దిగి "ఇదేటి గౌరీ, ఎప్పుడూ సెప్పలేదేటి?" అన్నాను.

ఆ మాటకి అది నన్ను చూసిన చూపు చచ్చేదాకా మర్చిపోను. తిట్టలేదు. నా ఎదురుగా వచ్చి నిలబడి, కుడిచెయ్యి మోచేతి దగ్గర్నుంచి పైకెత్తి, అరచెయ్యి పాము పడగలా వంచి, నా ముఖం మీదికి రెండుసార్లు ఆడించింది. నోటితో ఏదో చేస్తోంది. పెదాలు ముందుకొచ్చి పళ్లు దగ్గరయ్యాయి. అప్పుడు అర్థమైంది.

బుస.

బుసబుస. మొదటి రోజునుంచీ అది చెప్పింది బుసబుస. నేను విన్నది గుడగుడ.

బుసబుసమంటే ఎక్కడో గాలో పొగో కారుతోందని. ఆ మాట సరిగ్గా వినుంటే ఏ మెకానిక్ అయినా ముందు సైలెన్సరు ఇంజన్‌తో కలిసే చోట చూస్తాడు. నేను రబ్బరు దిమ్మలు మార్చాను. మార్చి, బండి బాగుందని చెప్పి, పిల్లల్ని ఎక్కించుకోమన్నాను.

తాళం నా దగ్గర పెట్టుకున్నాను. బాగయ్యేదాకా ఆ బండి కదలదు.

జూన్ 2

బుస. గుడ. బుస. గుడ.

రాస్తే వేరువేరుగానే ఉన్నాయి. స్నానాల గదిలో తలుపేసుకుని పైకి అని చూశాను. నా నోటికి తేడా తెలుస్తోంది. నా చెవికి తెలియడం లేదు.

జూన్ 3

జోజికి చెప్పాను. ముందు జోజికే చెప్పాను. వాడు "నాకు ఎప్పట్నుంచో అనుమానమే బావా" అన్నాడు. రేపు డాబాగార్డెన్స్ దగ్గర చెవి పరీక్షలు చేసే చోటికి తీసుకెళ్తానన్నాడు. గౌరికి చెప్పొద్దన్నాను.

జూన్ 4

ఫోను బూత్ అంత అద్దాల గదిలో కూర్చోబెట్టారు. చెవులకి హెడ్‌ఫోన్లు, చేతిలో బటన్. శబ్దం వినబడగానే నొక్కాలి. పరీక్ష చేసే అమ్మాయి పేరు రోజలిన్, గుంటూరు నుంచి వచ్చిందట.

మొదట లావు శబ్దాలు. టకటకా నొక్కేశాను. ఇంతేనా పరీక్ష అనుకున్నాను. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. మిషన్ పాడైందేమో అని ఆ అమ్మాయి వైపు చూస్తే, అది ఇంకా మీటలు తిప్పుతూనే ఉంది. అప్పుడు నేనొక ఘనకార్యం చేశాను. దాని చెయ్యి కదిలినప్పుడల్లా బటన్ నొక్కాను. ఏభై దాటిన వయసులో కాపీ కొట్టాను. నాలుగోసారికి పట్టేసింది. లోపలికొచ్చి నా కుర్చీ గోడవైపు తిప్పేసి వెళ్లింది.

తర్వాత నోటికి అట్ట అడ్డం పెట్టుకుని మాటలు చెప్పింది, నేను తిరిగి చెప్పాలి. "చెప్పు" అంటే చెప్పు అన్నాను. "గోడ" అంటే గోడ. "సబ్బు" అంటే "అబ్బు" అన్నాను. "సీసా" అంటే "ఈ... ఏమిటమ్మా?" అన్నాను.

"అమ్మా, ఒక్కసారి బుస అనండి" అన్నాను. అది వింతగా చూసి అంది. "ఇప్పుడు గుడ అనండి." అంది. రెండూ ఒకటే. అట్ట వెనకనుంచి రెండుసార్లూ అదే గుడ.

తర్వాత కాగితం మీద గీత చూపించింది. ఎడమవైపు బల్లలా సమానంగా ఉన్న గీత, కుడివైపుకి వచ్చేసరికి బావిలోకి దిగిపోయింది. "ఏళ్ల తరబడి జనరేటర్ల మధ్య ఉన్నారు కదండీ, ముందు పోయేది సన్నటి శబ్దాలే. మాటల్లో అన్నిటికంటే సన్నటిది స. అది మీకు దాదాపు అందడం లేదు. చ కొంచెం మొరటు శబ్దం, అది ఇంకా అందుతోంది" అంది.

అది నవ్వుతూ, "మీకు ఇంట్లోనే ఎక్కువ కష్టంగా ఉండుంటుంది. నేను ఈ ఊరొచ్చిన కొత్తలో 'సేపలు', 'సెయ్యి' అంటే తికమకపడేదాన్ని. ఇక్కడ చ ఉన్నచోటల్లా స వేస్తారు కదా. మీకు మాటకో అక్షరం మాయమవుతుంది" అంది.

మాయమైంది అక్షరం. నేనేమో మా ఆవిడ మాటకి వంక పెట్టాను. మా అమ్మ మాటకి, మా ఊరి మాటకి వంక పెట్టాను. టీవీ భాష గొప్పదని వినబడటం కాదు, నా చెవి చెడిపోయి దానికున్న చ ఒక్కటీ మిగిలింది.

బయటికొచ్చాక జోజి అంతా విని గంభీరంగా ముఖం పెట్టి, "అయితే బావా, నువ్వు గుంటూరు పిల్లని సేసుకోవాల్సింది" అన్నాడు. వాడి వీపు మీద ఒక్కటిచ్చాను. కాస్త ఊపిరాడింది.

చెవికి మిషన్ పెట్టుకుంటే చాలావరకు వినబడుతుందట. చెవి కొలత తీసుకుంది. రెండు వారాల్లో ట్రయల్‌కి పిలుస్తానంది.

జూన్ 5

చెప్పలేదు. "టీ తీసుకుంటారా?" అంటే తీసుకుంటానన్నాను.

జూన్ 6

ఎందుకు చెప్పలేకపోతున్నానో ఇక్కడైనా రాసుకోవాలి. మా నాన్న రైసు మిల్లులో ఇంజన్ నడిపేవాడు. చివరికి చెవులు పూర్తిగా పోయాయి. అరుగు మీద నలుగురూ కూర్చుని నవ్వుకుంటుంటే ఆయనా నవ్వి, తర్వాత "ఏటి, ఏటన్నారు?" అని అడిగేవాడు. "ఏటీ నేదులే" అనేవారు అందరూ. పెళ్లి మాటలకీ అదే, చావు కబురుకీ అదే. చెడ్డవాళ్లై కాదు, మళ్లీ చెప్పే ఓపిక లేక. ఇంట్లో ఉన్న మనిషిని ఆ ఒక్క ముక్కతో వీధిలో నిలబెట్టేశారు.

నాకు చెవి పోయినందుకు భయం లేదు. గౌరి నోట ఆ ముక్క వినాల్సి వస్తుందేమోనని భయం.

కానీ నిజానికి ఇప్పుడు అది నాతో అసలేమీ మాట్లాడటం లేదు. చేసింది నేనే. ఇంతకంటే ఏం పోతుంది?

జూన్ 8, ఆదివారం

చెప్పేశాను.

పొద్దున్నే, ఎండ రాకముందే లేచి దాన్ని బండి దగ్గరికి తీసుకెళ్లాను. చల్లబడిన ఇంజన్ మీదైతేనే ఇలాంటి లీకు బాగా వినిపిస్తుంది, వేడెక్కితే ఇనుము పొంగి సందు మూసుకుంటుంది. ఆ మొదటి పొద్దున్న తప్ప నేను ఇన్నాళ్లూ సాయంత్రాలే విన్నాను. పొద్దున్న విన్నా నాకు ఒరిగేదేమీ లేదనుకోండి. (ఎవర్ని అనుకోమంటున్నానో!)

"గౌరీ, నా సెవులు పోనాయి. పరీచ్చ సేయించాను. స అన్నది నాకు ఇనబడదు. నువ్వు బుస అంతే నాకు గుడ అని ఇనబడ్డాది. నీ నోటిది తప్పు నేదు" అన్నాను. ఒక్క గుక్కలో అనేశాను, మధ్యలో ఆగితే మళ్లీ రాదని.

జాలి పడుతుందనుకున్నాను. మండిపడింది.

"సెవి పోతే సెవి పోనాదని సెప్పాల! నా నోరు మంచిది కాదని సెప్తావా?" చేతులూ ముఖమూ అన్నీ కలిపి మాట్లాడుతోంది కాబట్టి ప్రతి ముక్కా అందింది. "పది రోజులు. నాను సర్చి కాడ అందరితోటీ మాటాడ్డం మానేసినాను. నోరిప్పితే నవ్వుతారేమోనని. ఆ పిల్లల తల్లులతో ఊఁ, ఆఁ. నీకు తెలుసా?"

తెలియదు. అది నాకు అస్సలు తెలియదు. నా చెవి పోయిందని నేను దాని నోరు మూయించాను. తల వంచుకుని నిలబడ్డాను. తప్పయిపోయిందే అన్నాను. అది ముక్కు తుడుచుకుని, "గుడగుడంట" అంది. ఇంకోసారి "గుడగుడంట! దానికి కింద రబ్బర్లు మార్సినాడంట!" అని, నవ్వు ఆపుకోలేక బండి తలుపు పట్టుకుంది. నేనూ నవ్వాను. ఈసారి ఎందుకు నవ్వుతున్నానో తెలిసే నవ్వాను.

ఆ తర్వాత పని. తోటకి నీళ్లు పెట్టే రబ్బరు గొట్టం బారెడు కోసి, ఒక కొస గౌరి చెవికి ఆనించాను. రెండో కొస నేను పట్టుకుని ఇంజన్ పక్కన ఒక్కో చోటా పెడుతూ వెళ్లాను. మెకానిక్కులకి ఇది పాత పద్ధతే. కాకపోతే చెయ్యీ చెవీ ఒకరివే ఉంటాయి. మా దగ్గర చెయ్యి నాది, చెవి దానిది.

"ఇక్కడ?" తల అడ్డంగా ఊపింది. "ఇక్కడ?" "లేదండీ." కోపంలో పోయిన "అండీ" మళ్లీ వచ్చింది. అది అంత తొందరగా పోదు. వంగి, సైలెన్సరు గొట్టం ఇంజన్‌తో కలిసే చోటికి, వెనకవైపు మూలకి గొట్టం జరిపాను.

గౌరి ఎగిరిపడింది. "బావా! ఇక్కడే! ఇదే! ఇను, ఇను, ఎలగ బుసకొడతందో—" అని ఆగి, నాలిక కరుచుకుంది. "ఇనలేవు గదా. సెయ్యెట్టు. ఒరే బావా, కాలుద్ది, కాసింత దూరంగా ఎట్టు."

చేతి వెనకవైపు ఆ మూలకి చూపించాను. వెచ్చగా తగిలింది. ఆగి, మళ్లీ తగిలింది. ఇంజన్ తిరిగే లెక్కకి సరిగ్గా, చిన్నచిన్న ఊపిర్లలా. ఇంజన్ ఆపి టార్చి వేసి చూస్తే ఆ మూల మసి విసనకర్రలా పరుచుకుని ఉంది. ఆ అతుకులో పొగ కారకుండా వేసే గ్యాస్కెట్ పేలిపోయింది. అంతే. అరచేతిలో పట్టేంత రేకు ముక్క.

గాజువాక వెళ్లి కొత్తది తెచ్చి, మధ్యాహ్నానికి బిగించాను. ఒక బోల్టు మొరాయించింది, దాన్ని బుజ్జగించడానికి ఎక్కువ సేపు పట్టింది. బిగించాక మళ్లీ గొట్టం, మళ్లీ గౌరి చెవి. ఈసారి అద్దాలు మూసి ఇద్దరం లోపల కూర్చున్నాం. పొగ వాసన లేదు. జోజిని కూడా పిలిచి కూర్చోబెట్టాం. వాడు వాసన చూసి, "సేపల పులుసు వాసనొత్తంది" అన్నాడు. అది మా వంటింట్లోంచి.

"మీరు" ఇవాళ పూర్తిగా ఏ సమయంలో పోయిందో గమనించలేదు. ఎగిరిపడినప్పుడనుకుంటా.

జూన్ 9

రేపు పొద్దున్న ఒకసారి చల్లటి ఇంజన్ మీద కూడా వినాలి. గౌరి వినాలి.

జూన్ 10

ఫిట్‌నెస్ అయింది.

ఇన్‌స్పెక్టరు ఇంజన్ స్టార్ట్ చేయమన్నాడు. చేశాను. ఆయన తల వంచి వింటున్నాడు. ఇలాంటప్పుడు ఇదివరకు నేనూ తల వంచేవాణ్ణి, పెద్ద మెకానిక్కులా. ఇవాళ ఇంజన్ వైపు చూడలేదు. గౌరి వైపు చూశాను. అది అవతల రేడియం స్టిక్కర్లు అంటించేవాడితో, వంకరగా అంటించాడని పోట్లాడుతోంది. ఇంజన్‌లో ఏ కాస్త శబ్దమున్నా అది అంత నిశ్చింతగా పోట్లాడదు. నా గుండె కుదుటపడింది.

దాని యాసలోనే పోట్లాడింది. వాడు స్టిక్కరు పీకి మళ్లీ అంటించాడు.

జూన్ 12

బడులు తెరిచారు. పిల్లలందరూ వచ్చారు, చర్చి మెట్ల మీద పడుకున్న పిల్లతో సహా. వాళ్ల నాన్న నన్ను పక్కకి పిలిచి బండి సంగతి అడిగాడు. ఏం జరిగిందో, ఏం మార్చానో, నాకు ఎందుకు వినబడలేదో మొత్తం చెప్పాను. ఆయన బండిలోకి వంగి వాసన చూసి, పిల్లని ఎక్కించాడు. ఆ పిల్ల ముందు సీటు కోసం ఇంకో పిల్లతో కొట్లాడింది.

జూన్ 13

జనరేటర్ హౌస్‌లో అలారానికి ఎర్రలైటు కూడా పెట్టమని ఇంజనీరుని అడిగాను. ఎందుకన్నాడు. చెప్పాను. చెప్పి చచ్చిపోలేదు. తామూ పరీక్ష చేయించుకోవాలేమో అని మిగతా ఫిట్టర్లు తమ చెవులు తడుముకున్నారు.

జూన్ 18

ఏమీ విశేషం లేదు. గౌరి దారిలో జరిగిందంతా చెప్పింది. ఎదురుగా కూర్చుని, నా మోకాలి మీద కొడుతూ, అర్థం కాని చోట మళ్లీ చెబుతూ. సగానికి పైగా అందింది. మళ్లీ చెప్పడానికి విసుక్కుంటుంది, కానీ చెబుతుంది. విసుక్కోవడం కూడా నాకు ఇష్టంగానే ఉంది.

జూన్ 21, శనివారం

ట్రయల్ మిషన్ ఇచ్చారు. చెవి వెనక చింతగింజంత ఉంది. రోజలిన్ మొదట చిన్నగా పెట్టి, మెల్లగా పెంచింది. రోడ్డు మీదికి రాగానే భయమేసింది. ఆటోలు, హారన్లు సరే, కాగితాలు కూడా చప్పుడు చేస్తాయని మర్చిపోయాను. నా సొంత చెప్పులు నన్ను వెంబడిస్తున్నట్టున్నాయి.

గౌరి ఇంటికి వచ్చాక ఏం మాట్లాడాలో తెలియక సిగ్గుపడింది. "ఏటి మాటాడను?" అంది. ఏదైనా అన్నాను. మాటలు దొరక్క అన్నం వడ్డించింది. ఇద్దరం ఫ్యాన్ కింద కూర్చున్నాం. పైనుంచి కీసుమని, ఆగి మళ్లీ కీసుమని, పిల్లి తోక తొక్కినట్టు ఏదో అరుస్తోంది. తలెత్తి చూశాను. ఫ్యాను.

"ఇదెప్పట్నుంచే ఇలగ అరుత్తంది?"

"రెండేళ్లు దాటింది."

"రెండేళ్లా? మరి నాకు సెప్పలేదేటే?"

గౌరి ముద్ద కలపడం ఆపి నా వైపు చూసింది. కోపంగా కాదు.

"సెప్పాను" అంది.

స-తో సహా వినబడింది. అన్నం తిన్నాక స్టూలు వేసుకుని ఫ్యానుకి నూనె వేశాను.